‘కాస్త చూసుకో’ అంటే ఏం చూడాలి, మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలులో ఉంటున్న రిటైర్డ్ హెడ్ నర్సును. 30 ఏళ్లకు పైగా సర్కారు వార్డుల్లోనే గడిచింది. స్టాఫ్ నర్సులకూ, వాళ్ల కింద పేషెంట్ల పనులు చూసే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలైన ఎమ్‌ఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓలకూ మధ్య వార్డుల్లో జరిగే గొడవల గురించి ఈ ఉత్తరం. ఇవి మీ టేబుల్ దాకా రావు. వచ్చినా ‘దురుసు ప్రవర్తన’ అన్న పేరుతోనే వస్తాయి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను.

ఆసుపత్రి పేరొద్దు. ఆడవాళ్ల మెడికల్ వార్డు, నైట్ డ్యూటీ. 40 దాటిన పేషెంట్లకు ఇద్దరం నర్సులం, ఒక్క ఎఫ్‌ఎన్‌ఓ. ఆదోని నుంచి ఒకరు, తుంగభద్ర అవతల గద్వాల నుంచి ఒకరు, కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. తొమ్మిదో బెడ్డులో పక్షవాతం వచ్చిన పెద్దామె. నేను ఇంకొకరికి ఇంజెక్షన్ వేస్తూ, తల కూడా తిప్పకుండా, ఎఫ్‌ఎన్‌ఓతో "ఆ తొమ్మిదిని కాస్త చూసుకో" అన్నాను.

నా మనసులో ఉన్నది వేరు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, యూరిన్ బ్యాగు ఖాళీ చేసేముందు ఎన్ని ఎంఎల్ ఉందో చూసి నాకు చెప్పాలి. ఆమెకు అర్థమైంది వేరు. దుప్పటి మార్చింది, ఒళ్లు తుడిచింది, బ్యాగు ఖాళీ చేసింది, అంతా శుభ్రంగా. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు అవుట్‌పుట్ ఎంత అని అడిగితే చార్టులో గళ్లు తప్ప అంకెల్లేవు. డాక్టరు నన్నన్నాడు, నేను ఆమెనన్నాను, పేషెంట్లందరి ముందు. ఆమె ఒకటే మాట అనింది: "ఏం చూడాల్నో చెప్పినావా మేడం?"

చెప్పలేదు. నాకంటే పదేళ్లు పెద్దది. ‘ఏయ్’ అని పిలిచేదాన్ని, సిగ్గుగా ఉంది ఇప్పుడు తలచుకుంటే. రెండు వారాలు మా ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత ఆమెను పనిలో పెట్టిన ఏజెన్సీ సూపర్‌వైజర్ ఆమెను వేరే బ్లాకులో వేశాడు. గొడవ తీరిందనుకున్నారు. మంచాన పడ్డ మనిషిని నొప్పి తెలియకుండా తిప్పడం ఆమెకు వచ్చినట్టు ఆ వార్డులో ఇంకెవరికీ రాదు.

నర్సు పేరు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో ఉంటుంది. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో కొత్త నర్సింగ్ కమిషన్ చట్టం వచ్చినా నర్సు బాధ్యత నర్సుదే. పని ఇంకొకరి చేతికిచ్చినంత మాత్రాన ఆ బాధ్యత చేతులు మారదు. అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల మండలి పని అప్పగించేముందు ఐదు చూడమంటుంది: ఇది అప్పగించదగ్గ పనేనా, పేషెంటు పరిస్థితి అందుకు అనుకూలమా, ఈ మనిషికి ఆ పని వచ్చా, విడమరచి చెప్పామా, తర్వాత వెళ్లి చూశామా. ఆ రాత్రి నేను నాలుగోది వదిలేశాను, ఐదోదాని జోలికే పోలేదు.

ఇంతకంటే ప్రమాదమైన గొడవ ఇంకోటుంది. చేయకూడని పని చెప్పడం. సెలైన్ బాటిల్ మార్చు, ఇన్సులిన్ వేసెయ్ అంటాం, తీరిక లేక. "నాకు రాదు" అన్న ఆయాకు పొగరు అంటాం. చేసి ఏదైనా తేడా వస్తే "నీకెవరు చేయమన్నారు?" అంటాం. వాడిన సూదిని తెల్ల డబ్బాలో వేయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. ట్రేలోనే వదిలేసిన సూది మాత్రం ట్రే కడిగే చేతికే గుచ్చుకుంటుంది.

స్ట్రెచర్ తోయడానికి డబ్బులడుగుతారని జనం అంటారు. కొందరు అడుగుతారు, నిజమే. జీతం ఆలస్యమైన నెలలో ఎక్కువ అడుగుతారు, అదీ నిజమే.

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అది ఈ ఉత్తరంలో అడగను, అడిగి అడిగి మా నోళ్లు నొప్పి పుట్టాయి. పెద్దగా ఖర్చు కానిదే అడుగుతున్నాను. ఎమ్‌ఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ తమంతట తాము ఏం చేయొచ్చు, నర్సు చెబితేనే ఏం చేయాలి, ఎవరు చెప్పినా ఏం చేయకూడదు, ఇవి తెలుగులో ఒక్క కాగితం మీద రాయించి ప్రతి వార్డు గోడకూ అంటించండి. డ్యూటీ మారేటప్పుడు నర్సులతో పాటు వాళ్లూ నిలబడి వినాలి. మాటామాటా వస్తే అదే షిఫ్టులో, డ్యూటీ రూములో, తలుపు వేసి హెడ్ నర్సు ఇద్దరి మాటా వినాలి. అది జరక్కముందే ఏజెన్సీ వాళ్లు మనిషిని మార్చేయడం ఆగాలి. "రాదు" అన్నవాళ్ల మీద మెమో పడకూడదు, వాళ్లకు నేర్పించాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని కోర్సు ఉండనే ఉంది, ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లను జీతం కోయకుండా దానికి పంపండి.

ఆ కాగితం రాసే కమిటీలో సూపరింటెండెంట్లే కాకుండా ఇద్దరు ఎఫ్‌ఎన్‌ఓలు కూడా కూర్చోవాలి. మీటింగు మాత్రం నైట్ డ్యూటీ దిగిన పొద్దున పెట్టకండి. వాళ్లు ఇంటికెళ్లి వంట చేయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
కర్నూలు