అయొడిన్ మొత్తం ఎంతో చెబితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

కల్పాక్కం మన చెన్నైకి దగ్గర. అక్కడ అణు విద్యుత్ కేంద్రంతో పాటు వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేసే కర్మాగారమూ ఉంది. మధ్యలో నెమ్మేలిలో సముద్రపు నీటినే మంచినీరుగా మార్చి నగరానికి ఇస్తున్నారు. అందుకే సముద్రపు నీటిలో రేడియోధార్మిక అయొడిన్‌ను ఎలా కొలవాలన్న విషయం రాస్తున్నాను.

రేడియోధార్మిక అయొడిన్ అనగానే అందరూ అయొడిన్-131 అనే రకం గురించే మాట్లాడతారు. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 8 రోజులే. అయొడిన్-129ది సుమారు 1.57 కోట్ల సంవత్సరాలు! ఇంధన పునఃశుద్ధిలో బయటపడేది ముఖ్యంగా ఇదే. ఫ్రాన్స్‌లోని లా హేగ్, బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ పునఃశుద్ధి కర్మాగారాల నుంచి వెలువడిన అయొడిన్-129 ఆర్కిటిక్ సముద్రం దాకా చేరింది.

సముద్రంలో అయొడిన్ ఒకే రూపంలో ఉండదు. అయొడైడ్, ఆక్సిజన్‌తో కలిసిన అయొడేట్, కొంత సేంద్రియ పదార్థాలతో కలిసినది. లోతు నీళ్లలో దాదాపు అంతా అయొడేటే. వెచ్చని పైనీళ్లలో అయొడైడ్ వాటా పెరుగుతుంది. ఒకటి మరొకటిగా మారడానికి నెలలు, ఏళ్లు పట్టవచ్చు. సముద్రపు నాచులోకి, గాలిలోకి ఎంత చేరుతుందన్నది ఈ రూపాన్ని బట్టే ఉంటుంది. మొత్తం లెక్క ఒక్కటే చూస్తే ఇదేమీ తెలియదు.

విడదీసే పద్ధతి ఉంది. అయాన్ మార్పిడి రెసిన్ (విద్యుదావేశం ఉన్న కొన్ని కణాలను పట్టి ఉంచే గుళికలు) గుండా నీటిని పంపితే అయొడైడ్ పట్టుబడుతుంది, అయొడేట్ దాటిపోతుంది. తర్వాత పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీతో అతి స్వల్పమైన 129ని కూడా కొలవవచ్చు. శ్రమ, ఖర్చు ఎక్కువే. అయినా చేయాల్సిన పని.

కాసిమేడు నుంచి కల్పాక్కం దాకా తీరపు నీటిని రుతువుల వారీగా ఇలా రూపాలవారీగా పరీక్షించి, ఆ అంకెలను మత్స్యకారులకు అర్థమయ్యే భాషలో ప్రకటించాలని అణుశక్తి శాఖను కోరుతున్నాను.

– రసాయనశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు, పెరంబూరు, చెన్నై