గోంగూర సీసా కింద పెట్టిన ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు
ఆగస్టు 4

చిన్నా,

అమ్మ దీవించి రాయునది. ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. అందుకే ఈ కాగితం. గోంగూర సీసా కింద పెడుతున్నాను, నూనె మరకలు పడితే నన్ననకు.

విశేషాలేమీ లేవు. కరుణ పిన్ని మనవడు అడుగులేస్తున్నాడు. జూలై 31న గుళ్ళో మిషన్ డే చేశారు. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మధ్యలో ఒకసారి, 1857లో ఇంకోసారి అమెరికా తిరిగి వెళ్ళిపోయాడని మాత్రం నాకిప్పుడే తెలిసింది. మళ్ళీ ఈ దేశం వచ్చేనాటికి డెబ్బై దాటాయట. ఇంటికి వెళ్ళినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదన్నమాట. ఊరికే గుర్తొచ్చి రాశాను.

ఆ రోజే పద్మక్క చెప్పులేసుకుంటూ, "మీవాడు ఆఫీసుకి వెళ్ళట్లేదట కదా" అంది. "ఇంట్లోంచే పని" అన్నాను. అది నిజమో అబద్ధమో నాకే తెలీదు, గుడి మెట్ల మీద నిలబడి అనేశాను. నిన్ను అడగడం లేదులే.

రాత్రిళ్ళు అన్నం తింటున్నావా? ఆ నూడుల్స్ మానెయ్.

నీకు మూడేళ్ళప్పుడు మీ నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి తల దువ్వుకుని, క్యారియర్ తగిలించుకుని సైకిలెక్కేవారు. పదకొండు రోజులు! సాయంత్రం క్యారియర్ శుభ్రంగా కడిగి తెచ్చేవారు. అక్కడే నాకు అనుమానమొచ్చింది, ఏనాడూ గ్లాసు కడిగిన మనిషి కాదు. పన్నెండో రోజు నిన్ను చంకనేసుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. గుడి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని కుక్కకి అన్నం పెడుతున్నారు. తెల్లారకుండా లేచి నేను వండిన పప్పన్నం! తిట్టాలనే వెళ్ళాను. ఆ ముఖం చూశాక నోరు రాలేదు. మిగిలింది కలిపి ముద్దలు చేసి నీకొకటి, ఆయనకొకటి పెట్టాను. సాయంత్రం పాస్టర్ అయ్యగారు ఇంటికొచ్చారు. పని గురించి ఒక్క మాట అడగలేదు. బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదివి, టీ తాగి వెళ్ళిపోయారు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, చచ్చిపోతానంటే దేవుడు ప్రసంగం చెయ్యలేదు. దూత చేత రొట్టె, నీళ్ళు పంపాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి పెట్టించాడు. నలభై రోజుల నడక ఆ తర్వాతే.

మీ నాన్నకి మళ్ళీ పని దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ప్రార్థన చెయ్యగానే దొరికిందని చెప్పను. ఆయన మళ్ళీ ఉత్తినే క్యారియర్ పట్టుకుని పోలేదు, అంతే. రాత్రి ప్రార్థనలో "ప్రభువా, ఇవాళ కూడా దొరకలేదు" అని మా అందరి ముందూ పైకే చెప్పేవారు. అది విన్నాక నాకు నిద్ర పట్టేది.

నువ్వూ ప్రార్థన మానకు. మాటలు రాకపోతే 121వ కీర్తన చదువు, ఎనిమిది వచనాలే. ఆదివారం గుడికి వెళ్ళు, గడ్డం గీసుకుని వెళ్ళు. చేబదుళ్ళు తేకు. క్రెడిట్ కార్డు జోలికి పోకు. పొద్దున్నే లేచి... చూశావా, నీతులు చెప్పకూడదనే మొదలుపెట్టాను.

ఈ ఉత్తరం సంగతి మీ నాన్నకి చెప్పలేదు. నీ పరుపు ఎండలో వేశాను, మబ్బు పట్టిందని మళ్ళీ తీశాను. రాత్రి బండెక్కితే పొద్దున్నే దిగుతావు. చెప్పకుండా వచ్చినా పర్వాలేదు, చెబితే చేపలు తెప్పిస్తాను.

సీసా మూత రాకపోతే వేడినీళ్ళలో పెట్టు. కత్తితో పొడవకు, కిందటిసారి వేలు కోసుకున్నావు.

అమ్మ