వదులు ఫోమ్ టిప్‌లు, తప్పు సూచనలు: మార్పిడి కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం వారికి,

విషయం: వైర్‌లెస్ ఇయర్‌ఫోన్‌తో వచ్చిన ఫోమ్ ఇయర్‌టిప్‌లు (చెవిలో దూరే మెత్తని తొడుగులు) నాజిల్‌కు (అవి తొడిగే ఇయర్‌ఫోన్ మొనకు) పట్టకపోవడం

అయ్యా,

ఈ ఇయర్‌ఫోన్‌లో బేస్ (పాటలోని లోతైన, బరువైన శబ్దం) రావడం లేదని ఇంతకుముందు మీకు రాస్తే, దాన్ని ఈక్వలైజర్‌లో (శబ్దాల హెచ్చుతగ్గులు సరిచేసే సెట్టింగ్‌లో) పెంచుకోమనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోమనీ జవాబిచ్చారు. లోపం అక్కడ లేదు. ఇయర్‌ఫోన్‌ను వేలితో కొద్దిగా నొక్కి పట్టుకుంటే బేస్ నిండుగా వస్తోంది, వదలగానే పోతోంది. డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే భాగం) పాడైతే ఇలా జరగదు. ఎక్కడో గాలి లీకవుతోంది. సందు ఉంటే ముందు పోయేది బేసే. దాన్ని ఈక్వలైజర్‌తో పూడ్చబోతే డ్రైవర్ మీద భారం పడి శబ్దం చీలుతుంది. నాయిస్ క్యాన్సలింగ్ (బయటి చప్పుడును అణిచే ఏర్పాటు) బలహీనపడటానికీ ఇదే కారణం.

లీకు ఎక్కడో కూడా తెలిసింది. కాలిపర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరంతో) కొలిస్తే నాజిల్ చివరి అంచు వ్యాసం 4.5 మి.మీ., ఫోమ్ టిప్ లోపలి గొట్టం వ్యాసం 5.5 మి.మీ. గొట్టం నాజిల్ కంటే కాస్త సన్నగా ఉంటేనే సాగి బిగుస్తుంది. ఇక్కడ బిగిసే అవకాశమే లేదు. పైగా ఇయర్‌ఫోన్ తీస్తుంటే టిప్ ఊడి చెవిలోనే ఉండిపోతోంది. దీన్ని శబ్దం సమస్యగా కాక భద్రత సమస్యగా నమోదు చేసుకోండి.

సూచనల కాగితం ఇంకా అన్యాయంగా ఉంది. సిలికాన్‌కీ ఫోమ్‌కీ కలిపి ‘చెవిలో పెట్టుకోండి’ అని ఒకే మాట. ఫోమ్‌ను వేళ్ల మధ్య నలిపి సన్నగా చేయాలి. చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టాలి. అది ఉబ్బేదాకా 20–30 సెకన్లు పట్టుకోవాలి. స్పిరిట్‌తో తుడవమన్నారు, దానితో ఫోమ్ చెడిపోతుంది. పొడిగుడ్డ చాలు. సబ్బునీళ్లతో కడగగలిగేది సిలికాన్‌నే. ఫోమ్ చెమటనూ గులిమినీ పీల్చుకుని కొన్ని నెలల్లో ఉబ్బడం మానేస్తుందనీ, అప్పుడు మార్చాలనీ ఎక్కడా రాయలేదు.

‘ఏ టిప్ వాడినా ఒకటే ధ్వని’ అని పెట్టె మీద వేయడం తప్పు. ఫోమ్ ట్రెబుల్‌ను (సన్నని, పదునైన శబ్దాలను) కాస్త మెత్తబరుస్తుంది. టిప్ రంధ్రం ఇరుకైనా ట్రెబుల్ తగ్గుతుంది. టిప్ ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టి 8 కిలోహెర్ట్‌జ్ చుట్టుపక్కల వచ్చే శిఖరం (శబ్దం ఎక్కువగా వినిపించే చోటు) జరుగుతుంది, లోతు పెరిగితే అది ఇంకా ఎక్కువ కిలోహెర్ట్‌జ్‌ వైపు పోతుంది. అందుకే కుడి ఎడమల లోతు తేడాగా ఉంటే పాడేవారి గొంతు రెండు చెవుల మధ్యలో నిలిచి వినిపించదు.

అన్నట్టు, ఫోమ్ టిప్‌లు పొడవెక్కువై కేసు మూత పూర్తిగా పడటం లేదు. ఛార్జింగ్ పిన్నులు తగలక ఒకవైపు ఇయర్‌ఫోన్ ఛార్జ్ కాకుండానే ఉండిపోతోంది.

కనుక 4.5 మి.మీ. నాజిల్‌కు బిగిసే, కేసులో పట్టే పొట్టి ఫోమ్ టిప్‌లు మూడు సైజుల్లోనూ పంపండి. లేదంటే సెట్ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వండి. నాజిల్ కొలత పెట్టె మీద ముద్రించి, స్పిరిట్ సూచన తొలగించండి. కాలిపర్ కొలతల ఫొటోలు, రసీదు నకలు జతచేశాం.

ఇట్లు,
మీ వినియోగదారులు