జాన్‌స్టన్ కాన్యన్ దారి సులువే, మీరిచ్చిన నలభై అయిదు నిమిషాలే చాల్లేదు

టూర్ నిర్వాహకులకు,

విషయం: ఏప్రిల్ మొదటి వారంలో మీరు నడిపిన బాన్ఫ్ ఒకరోజు టూర్, డబ్బు వాపసు గురించి.

నమస్కారమండీ. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకి కెనడాలో ఒక మంచి జలపాతం చూపించాలని, గైడ్ తెలుగులో మాట్లాడతాడని మీ పేజీలో రాశారు కాబట్టి, మీ టూర్ బుక్ చేశాను. ఆ పేజీలో బాన్ఫ్ నేషనల్ పార్క్‌లోని జాన్‌స్టన్ కాన్యన్ అనే లోయ గురించి ఉన్న మాటలు ఇవి: "పిల్లలు, పెద్దలు ఎవరైనా హాయిగా నడవగల చిన్న దారి, రెండు జలపాతాలు." అయినా అనుమానం వచ్చి బుక్ చేసే ముందు ఫోన్ కూడా చేశాను. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, చదునుగా ఎంత దూరమైనా నడుస్తారు గానీ వాలు దిగాలంటే కష్టం అని చెప్తే మీ మనిషి "అస్సలు టెన్షన్ పడకండి సార్, రోడ్డు మీద నడిచినట్టే ఉంటుంది" అన్నాడు.

ముందే ఒకటి చెప్తాను, నా ఫిర్యాదు ఆ చోటు మీద కాదు. కాన్యన్ చాలా బాగుంది. సున్నపురాయిని ఏరు కోసుకుంటూ పోయి చేసిన సన్నటి లోయ, గోడలకి బిగించిన క్యాట్‌వాక్‌ల (వంతెనల్లాంటి ఇరుకు నడకదారుల) మీద నడుస్తుంటే కాళ్ళ కింద నీళ్ళు కనిపిస్తుంటాయి. కింది జలపాతం దాకా దూరం సుమారు 1.2 కిలోమీటర్లే, ఎక్కేది కూడా ఎక్కువ లేదు. వేసవిలో టైం పెట్టుకుని వెళ్తే మా నాన్నగారు కూడా నిక్షేపంగా వెళ్ళొస్తారు. సులువైన దారి అని మీరు రాసింది అబద్ధం కాదు. కాకపోతే అది ఏ కాలంలో, ఎంత టైం ఉంటే సులువు అన్నది మాత్రం ఎక్కడా రాయలేదు.

బస్సు ఆపి మీ గైడ్ ఇచ్చింది నలభై అయిదు నిమిషాలు. అందులోనే టాయిలెట్ క్యూ. కింది జలపాతానికి వెళ్ళి రావడానికే మామూలు నడకకి గంట పడుతుంది. పై జలపాతం పార్కింగ్ నుంచి దాదాపు 2.5 కిలోమీటర్లు, అంటే రానూపోనూ 5 కిలోమీటర్లు, పైగా కింది జలపాతం దాటాక ఎక్కుడు పెరుగుతుంది. మీ పేజీలో ఉన్న "రెండు జలపాతాలు" నలభై అయిదు నిమిషాల్లో చూడాలంటే ఎక్కడా ఆగకుండా గంటకి దాదాపు ఏడు కిలోమీటర్ల వేగంతో పోవాలి, ఫొటో తీసుకోకూడదు, జలపాతం వైపు చూడనే కూడదు. ఈ లెక్క టూర్ ప్లాన్ వేసినవాళ్ళు ఒక్కసారైనా వేశారా? అదే రోజు బాన్ఫ్ ఊళ్ళో షాపింగ్‌కని గంటన్నర ఆపారు. అక్కడ మాకు కొనేది ఏమీ లేక ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం.

పై జలపాతం ఎందుకు చూపించరని అడిగితే గైడ్ "అదీ ఇలాంటిదేనండీ, పెద్ద తేడా ఉండదు" అన్నాడు. తేడా ఉందండీ. పైది కిందిదానికంటే చాలా ఎత్తు, దాని దగ్గర నీటిలోని సున్నం పేరుకుని ఏర్పడిన గోడ ఒకటి ఉంది, అది చూడటానికే చాలామంది అంత దూరం వెళ్తారు. తెలియకపోతే తెలియదు అనాలి గానీ, టికెట్ కొన్నవాళ్ళకి ఇలా చెప్పి పంపెయ్యడం ఏం పద్ధతి?

ఇక అసలు సంగతి మంచు. ఏప్రిల్‌లో పార్కింగ్ దగ్గర నేల పొడిగా ఉంది, ఎండ కాస్తోంది, కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. కానీ లోయ లోపల గోడల నీడ వల్ల ఎండ సరిగ్గా పడదు, చలికాలమంతా జనం తొక్కిన మంచు గట్టిపడి గాజులా తయారవుతుంది, దాని మీద జలపాతం తుంపర పడి మళ్ళీ గడ్డకడుతుంది. ఏటా జరిగేదే ఇది. ఆ దారిలో ఎదురైన వాళ్ళలో సగం మంది బూట్లకి ఇనుప పళ్ళున్న ఐస్ క్లీట్స్ తొడుక్కుని ఉన్నారు. మా బస్సులో ఒక్కరికీ లేవు, తెచ్చుకోమని చెప్పినవాళ్ళూ లేరు. మీ గైడ్ కాళ్ళకి మాత్రం ఉన్నాయి! అంటే ఆయనకి తెలుసు. ఈ ఫిర్యాదు రాయడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

నాన్నగారు రెయిలింగ్ పట్టుకుని కొంత దూరం వచ్చారు. ఎక్కేటప్పుడు పర్వాలేదు గానీ దిగేటప్పుడు కాలు జారితే ఆపుకోలేనని ఆయనే అని, అమ్మతో కలిసి వెనక్కి తిరిగారు. మా పాపని కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్ తెచ్చుకోవచ్చని మీరు పంపిన మెసేజ్‌లో ఉంది, అది ఆ గడ్డ మంచు మీద ఆగకుండా పక్కకి జారిపోతుంటే నా భార్య కూడా మొదట్లోనే ఆగిపోయింది. నేను ఒక్కడినే కింది జలపాతం దగ్గర వంతెన దాకా వెళ్ళాను. అక్కడ రాతిలో చిన్న సొరంగం ఉంటుంది, దాని గుండా వెళ్తే జలపాతం ఎదురుగా నిలబడొచ్చు, కానీ లోపల కొద్దిమందికే చోటు, అందుకని బయట క్యూ. ఆ క్యూలో ఉండగానే బస్సు బయల్దేరుతోందని ఫోన్ వచ్చింది. కుటుంబమంతా డబ్బు కట్టి వస్తే సొరంగంలోకి వెళ్ళి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఇంకో మాట, ఇది మా టూర్‌కి సంబంధించింది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. మీ పేజీలో పైన పెట్టిన ఫొటో, పెద్ద గుహలో నిలువెత్తు రాతి స్తంభం ఉన్నది, మామూలు దారి మీద నుంచి తీసింది కాదు. నల్ల స్విఫ్ట్ అనే పక్షులు ఆ తడి గోడల్లో గూళ్ళు పెట్టుకుంటాయి కాబట్టి ఆ కాలంలో దారి దిగి అటు వెళ్ళకూడదని, జాతీయ పార్కులు చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా నిషేధం పెట్టింది. అలాంటి చోటు ఫొటో చూపించి "హాయిగా నడవగల దారి" అని టికెట్లు అమ్మితే, చూసినవాళ్ళలో ఎవరో ఒకరు అక్కడికి దిగాలనే అనుకుంటారు. తీసెయ్యండి.

నాకు కావలసినవి చెప్తాను. జాన్‌స్టన్ కాన్యన్ పేరు చెప్పి అమ్మిన టూర్ కాబట్టి మా అందరి టికెట్లలో సగం డబ్బు వెనక్కి ఇవ్వాలి, కూపన్ వద్దు, మళ్ళీ మీ బస్సు ఎక్కే ఉద్దేశం మాకు లేదు. పేజీలో "రెండు జలపాతాలు" అన్నది తీసేసి, ఆపే టైం ఎంతో నిమిషాల్లో రాయండి. రెండూ చూపించాలనుకుంటే రెండున్నర గంటలు ఇవ్వండి, షాపింగ్ తగ్గించి అయినా సరే. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బుక్ చేసేవాళ్ళకి ఐస్ క్లీట్స్ కావాలని ముందే మెసేజ్ పెట్టండి, లేదా బస్సులో అద్దెకి ఉంచండి. స్ట్రోలర్ గురించిన మాట వెంటనే మార్చండి.

బుకింగ్ రసీదు, మీరు పంపిన మెసేజ్‌లు, ఆ రోజు దారి ఎలా ఉందో తెలిసే ఫొటోలు దీనితో పంపుతున్నాను. గైడ్ మీద చర్య తీసుకోమని అడగటం లేదు, ఆ టైం పెట్టింది ఆయన కాదని బస్సులో ఆయన మాటల్లోనే తెలిసింది. రెండు వారాల్లోగా జవాబు ఇవ్వండి, అదీ ఈమెయిల్‌లోనే. ఫోన్‌లో మీవాళ్ళు ఎలా చెప్తారో ఒకసారి విన్నాను, చాలు.

ఇట్లు,
ఏప్రిల్ టూర్‌కి వచ్చిన ఒక ప్రయాణికుడు