ఎడిసన్ నుంచి అమ్మలుకి

అమ్మలూ,

ఆశీస్సులు. మన కాకినాడ పక్కన ఉప్పాడ ఒడ్డుని సముద్రం కోసేయడం మీద ప్రాజెక్టు చేద్దామా వద్దా అని మొన్న ఫోన్‌లో నసుగుతున్నావు కదా. ఆ మాట చెవిలో ఉండగానే ఆదివారం మీ అన్నయ్య మమ్మల్ని ఇక్కడి న్యూజెర్సీ సముద్రతీరంలో ఉన్న ఐలండ్ బీచ్ స్టేట్ పార్కుకి తీసుకెళ్లాడు. ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నాను.

ఇక్కడి నుంచి కారులో గంటా గంటన్నర. ఎండాకాలం శని, ఆదివారాల్లో పార్కింగ్ నిండితే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారట. మీ అన్నయ్యకి అదే టెన్షన్. దాంతో మీ వదిన పులిహోర కట్టింది, పొద్దున్నే బయలుదేరిపోయాం. దారిలో సీసైడ్ హైట్స్ అనే ఊళ్లో రంగులరాట్నాలు, పిజ్జా కొట్లు, ఇంటిని ఆనుకుని ఇల్లు. పార్కు గేటు దాటామో లేదో అదంతా తెగినట్టు ఆగిపోయింది. ఆపైన రోడ్డుకి రెండు పక్కలా పొదలే. దాదాపు పది మైళ్ల ఇసుక పట్టీ అది, అంటే మన లెక్కలో పదహారు కిలోమీటర్లు. తూర్పున అట్లాంటిక్, పడమర బార్నెగాట్ బే అనే అఖాతం. పేరుకి ఐలండే గానీ ఇప్పుడు ద్వీపం కాదు. ఉత్తరాన క్రాన్‌బెర్రీ ఇన్లెట్ అని ఒక పాయ ఉండేదట, అది 1812లో ఇసుకతో పూడిపోయి నేలలో కలిసిపోయింది.

ఇంత ఖరీదైన చోట ఇళ్లు కట్టకుండా ఎలా వదిలేశారా అని నాకు అనుమానం. వదిలేద్దామని ఎవరూ అనుకోలేదట. ఉక్కు వ్యాపారంలో కార్నెగీకి భాగస్వామి అయిన హెన్రీ ఫిప్స్ పెద్ద రిసార్టు కడదామని 1926లో ఈ స్థలం కొన్నాడు. ఏవో కొన్ని ఇళ్లు లేచాయో లేదో 1929లో స్టాక్ మార్కెట్ కూలింది, మరుసటి ఏడాది ఆయనా పోయాడు. 1953లో రాష్ట్ర ప్రభుత్వం కొంది, 1959లో జనానికి తెరిచారు. ఫిప్స్ కట్టించిన ఇళ్లలో ఒకటి గవర్నర్‌కి వేసవి విడిది. 2017 జులైలో బడ్జెట్ గొడవతో పార్కు మూసేసి, గవర్నర్ క్రిస్ క్రిస్టీ మాత్రం కుటుంబంతో అదే ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, పేపరువాళ్లు పైనుంచి ఫొటో తీశారు. నాయకులు ఎక్కడైనా నాయకులే!

నేను చెప్పదలుచుకున్నది ఇసుక దిబ్బల గురించి. వాటి మీద అడుగు పెట్టనివ్వరు. బీచ్‌కి పోవాలంటే కంచె మధ్యలోంచి వేసిన దారినే పోవాలి. ఆ దారి పక్కన కూర్చుని చాలాసేపు గడ్డి చూశాను. గాలికి వంగిన ఆకు కొస ఇసుకను గీస్తూ, మొదలు చుట్టూ కాంపాస్ పెట్టి గీసినట్టు వంపులు గీసింది. ఎగిరొచ్చిన ఇసుక ఈ గడ్డికి తగిలి ఆగుతుంది. గడ్డిని ఇసుక కప్పేస్తే చావదు, ఇంకా పైకి లేస్తుంది, కింద వేర్లు అల్లుకుంటాయి. అలా దిబ్బ పెరుగుతుంది. గాలివానని తట్టుకునే ఆ గడ్డి మనుషులు తొక్కితే మాత్రం చచ్చిపోతుంది.

2012 అక్టోబరు 29న శాండీ తుఫాను వచ్చినప్పుడు ఇదే ఇసుక పట్టీ మీద ఉత్తరాన మాంటొలోకింగ్ అనే ఊరి దగ్గర సముద్రం రోడ్డును తెంపుకుని బే లోకి వచ్చేసింది. సీసైడ్ హైట్స్‌లో రోలర్ కోస్టర్ నీళ్లలో పడింది. పార్కుకి దగ్గర్లో మిడ్‌వే బీచ్ అని చిన్న ఇళ్ల వరస ఉంది. అక్కడివాళ్లు కంచెలు పాతి, గడ్డి పెంచి, ఏళ్ల తరబడి ఎత్తు చేసుకున్న దిబ్బ వాళ్ల ఇళ్లను కాపాడింది. సముద్రం కనపడకుండా దిబ్బ అడ్డమొస్తోందని గొణిగినవాళ్లు ఆ రాత్రి తర్వాత ఏమన్నారో!

మన హోప్ ఐలండ్ చేసే పనీ ఇదే కదా. గోదావరి ఇసుకతో పెరిగిన తిన్నె కాకినాడ పోర్టుకి అలల దెబ్బ తగలకుండా అడ్డంగా పడుకుంది. ఉప్పాడకి ఆ అడ్డు లేదు. ప్రతి తుఫానుకీ బీచ్ రోడ్డు కోసుకుపోతుంది, మళ్లీ రాళ్లు పోస్తాం. నది మీద ఆనకట్టలు కట్టాక సముద్రానికి చేరే ఇసుకా తగ్గింది. నా మటుకు నాకు రాళ్ల మీద అంత నమ్మకం లేదు. అలాగని ఇళ్లు అలల అంచున ఉన్నచోట గడ్డి నాటమంటే ఎలా కుదురుతుంది? ఆ లెక్క నువ్వే తేల్చాలి, ఇంజనీరువి కాబోతున్నావు.

మీ అమ్మకి ఇవేమీ పట్టలేదు. ఆవిడ కళ్లన్నీ నక్క మీదే. పట్టపగలు ఎర్రటి నక్క ఒకటి కారు పక్కకొచ్చి నిలబడింది. పులిహోర పెట్టబోతే మీ వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. తిండి పెట్టకూడదని బోర్డులున్నాయి. బే వైపు స్తంభాల మీద చేపల గద్దల గూళ్లున్నాయి. డీడీటీ అనే పురుగుమందు వాడకంతో దాదాపు పోయాయట, 1972లో నిషేధించాక మళ్లీ పెరిగాయి.

ప్రాజెక్టుకి ఉప్పాడే తీసుకో. కొలతలేవో తుఫాన్ల సీజన్ రాకముందే తీసుకో, ఒక్కదానివే వెళ్లొద్దు. పడవల దగ్గరుండే పెద్దవాళ్లని ఇదివరకు ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో అడుగు, చేత్తో చూపిస్తారు. ఇక్కడి దిబ్బల ఫొటోలు అన్నయ్య పంపిస్తానన్నాడు, రాకపోతే వాణ్ణి గట్టిగా అడుగు.

మీ నాన్న