మీ రూమ్మేట్ సంగతి

బిడ్డా,

నిన్న ఫోన్ల మాట్లాడుదామంటే మీ నాయన పక్కనే ఉండె, అందుకే ఇప్పుడు తీరిగ్గ రాస్తున్న, మొత్తం చదువు. మీ రూమ్మేట్‌కు 17 నిండినయి, ఇంట్ల సంబంధాలు చూస్తున్నరని ఆ ప్రేమించిన పిల్లగాన్నే చేస్కుంట, పెళ్లయినంక నా మీద ఎవ్వరి పెత్తనం నడవదు, అమెరికాల గట్లనే ఉంటదట అంటుంది అన్నవ్ కదా.

అమెరికా ముచ్చట అబద్ధం కాదు. అక్కడ చాన రాష్ట్రాల్ల మైనర్ పెళ్లి చేస్కుంటే తల్లిదండ్రుల హక్కు పోతది. కాలిఫోర్నియాలనైతే పెళ్లి లేకున్నా 14 దాటినోళ్లు వేరే ఉంటున్నం, మా ఖర్చు మేమే చూస్కుంటున్నం అని కోర్టుల చూపిస్తే విడిపిస్తరు. మన దగ్గర ఆ దారే లేదు, పెళ్లయినా 18 నిండేదాంక మైనరే. ఇంకోటి విను, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంల పెళ్లయిన మైనర్ పిల్లకు గార్డియన్ ఎవరని రాసిన్రో తెల్సా, మొగుడు! నాయన చేతిలకెళ్లి మొగుని చేతిలకు, గంతే, దానికి ఈ పిచ్చిపిల్ల స్వతంత్రం అని పేరు పెట్టుకుంది.

పైగా ఆ పిల్లగాని మీద పోక్సో, అంటే మైనర్ల మీద లైంగిక నేరాల చట్టం కింద, కేసు పడ్తది. పెండ్లామే అయినా 18 లోపుంటే రేప్ కిందికే వస్తదని సుప్రీంకోర్టు 2017లనే చెప్పింది. వాడు జైల్ల, ఇది హోంల.

వాళ్ల నాయన బలవంతం చేస్తే మాత్రం భయపడొద్దను. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చాలు, పేరు బయటికి రాదు. పెళ్లి ఆపాలని మెజిస్ట్రేట్ ఆర్డర్ ఇచ్చినంక దాన్ని దాటి చేసిన పెళ్లి చెల్లనే చెల్లదు. ఆర్డర్ లేకుండ అయిపోతే మాత్రం తనంతట అది రద్దు కాదు, పిల్లనే కోర్టుకు పోవాలె, 20 నిండేదాంక టైముంటది.

మా అంగన్‌వాడీ పక్కూర్ల ఒక పెళ్లి ఆపనీకి పోతే పందిట్ల పిల్లను పసుపు రాసి కూసోబెట్టిన్రు, తాతేమో ఆధార్ కార్డు ఊపుకుంట 19 ఉన్నయి అని లొల్లి. మా సూపర్వైజర్ మేడమ్ కార్డు ముట్టనే లేదు, టెన్త్ మెమో తియ్యుర్రి అన్నది, ఇగ ఒక్కడు మాట్లాడితే ఒట్టు. అండ్ల 16 ఉండె. ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు గూడ 18 నిండితేనే వస్తయి, అందుకే ఆధార్ దిద్దిస్తరు మనోళ్లు.

అందుకని ముందుగాల దాని మెమో ఎక్కడుందో అడుగు, ఇంట్ల ఉంటే ఏదన్న సాకు చెప్పి హాస్టల్‌కు తెచ్చుకోమను. దసరా సెలవులకు మనింటికి తోల్కరా, వాళ్లమ్మ నంబర్ గూడ పంపు, నేనే మాట్లాడ్త.

అమ్మ