చింతపండుతో తోమకండి, ముందు అంచు చదవండి

సంపాదకులకు,

నమస్కారం. పాత నాణేలు, పతకాలు కొనే వ్యాపారుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. దేనికి ఎంత ధర పలుకుతుందో వివరంగానే రాశారు. కానీ ఇంట్లో ఉన్న యుద్ధపతకాన్ని అమ్మేముందు ఎవరైనా చూసుకోవలసిన ఒక్క సంగతి, దాని అంచు మీది రాత, అందులో లేదు. అది నాకు అనుభవం మీద తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

మాది కంభం దగ్గర పల్లె. మా తాత మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లొచ్చాడు. మా ఇళ్లలో దాన్ని ఆ పేరుతో ఎవరూ అనరు, జర్మనీ యుద్ధం అంటారు. ఇరాక్‌లోని బస్రా పట్టణం పేరు మీద ఊళ్లో ఆయన బస్రా తాత. 1968లో ఆయన పోయేనాటికి నాకు పదకొండేళ్లు. మాట్లాడేందుకు నోరు తెరిస్తే ఈగలు దూరేవనీ, కనుచూపు మేర ఖర్జూరపు చెట్లేననీ చెప్పేవాడు. తుపాకి ఎట్లా పేల్చావో చెప్పమంటే మాత్రం “తుపాకి కంటే పలుగూ పారే ఎక్కువ పట్టుకున్నాం లేరా” అని నవ్వేసేవాడు. మేం నమ్మేవాళ్లం కాదు. మిలిటరీకి పోయినవాడికి పారతో ఏం పని? పైగా మా జేజమ్మ లెక్కలో ఆయన సుబేదారు. ఏ పెళ్లికి వెళ్లినా ఆ మాట నలుగురి చెవిన వేస్తే గానీ ఆమె విస్తరి ముందు కూర్చునేది కాదు.

తాతకు రెండు పతకాలు వచ్చాయి. ఒకటి వెండిది, గుర్రపు రౌతు బొమ్మ ఉన్నది, రెండున్నర తులాల పైచిలుకు. 1950లో మా చిన్నత్త పెళ్లికి జేజమ్మ దాన్ని కంసాలికిచ్చి కడియాల్లో కలిపించింది. తాత అడ్డు చెప్పలేదట. ఆ కరువు రోజుల్లో అంత మంచి వెండిని పెట్టెలో పెట్టుకుని కూర్చునేవాళ్లు ఎవరు? నేను తప్పు పట్టను. మన జిల్లాల్లో ఆ వెండి పతకాలు చాలావరకు ఇట్లాగే కాళ్లకూ మొలతాళ్లకూ చేరి ఉంటాయి.

రెండోది కంచుది. కరగబోసినా ఏమీ రాదు కాబట్టి మిగిలింది. దాని మీద రెక్కలున్న ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. అది విజయానికి గుర్తుగా వేసిన బొమ్మ అని నాకు ఇప్పుడు తెలుసు. జేజమ్మకు మాత్రం ఆమె ఎవరో అమ్మవారు. దేవుడి గూట్లో పెట్టి రోజూ కుంకుమ బొట్టు పెట్టేది. ఏటా ఉగాదికి ఇత్తడి చెంబులతో పాటు దాన్నీ చింతపండు వేసి తోమేది. ఏళ్ల తరబడి ఆ తోముడుకి ముక్కూ మొహమూ అరిగిపోయాయి, వెనకవైపు ఉన్న 1914–1919 అనే అంకెలు వేలికి తగలడం మానేశాయి.

2019లో పాత ఇల్లు విప్పేటప్పుడు అది నా చేతికొచ్చింది. నేనూ అందరిలాగే బొమ్మ చూసి పక్కన పెట్టాను. నా మనవరాలు దాన్ని నాణెంలా నేల మీద దొర్లిస్తూ “తాతా, దీని చుట్టూ ఏబీసీడీలున్నాయి” అంది. చూస్తే అంచు పొడవునా ఎర్రగా గట్టిపడిన కుంకుమ, నూనె జిడ్డు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, మెత్తటి టూత్ బ్రష్‌తో నెమ్మదిగా రుద్దాం. గది చీకటి చేసి, టార్చిలైటు పక్కవాటుగా పట్టి, సెల్‌ఫోన్ కెమెరాలో జూమ్ చేశాం. అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆ యుద్ధం పతకాల అంచు మీద గ్రహీత నంబరు, హోదా, పేరు, దళం లోతుగా అచ్చు గుద్ది ఇచ్చారు. అందుకే మొహం అరిగినా అంచు బతికింది.

మాకు కనిపించింది ఇది: నాలుగంకెల నంబరు, తర్వాత ‘ఎస్.పి.ఆర్.’, తర్వాత తాత పేరు, చివర ‘2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’ పేరులో ‘స్వామి’ కాస్తా ‘సామి’ అయింది, ఇంటిపేరు అసలే లేదు. క్యూ.వి.ఓ. అన్నది ఎవరో దొరగారి పొడి అక్షరాలనుకుని నేను వారం రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. చివరికి మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ హవల్దారు చూసి, “సార్, ఇది మా రెజిమెంటే కదా” అన్నాడు. క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్, అంటే మద్రాస్ సాపర్లు. ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, బెంగళూరు. సైన్యంలో వీళ్లను తంబీలంటారు. వాళ్ల పని రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం, వరద రాకుండా కట్టలు పోయడం.

పలుగూ పారా! యాభై ఏళ్ల తర్వాత ముసలాయన మాట నిజమని తేలింది. ఎస్.పి.ఆర్. అంటే సాపర్, అందరికంటే కింది హోదా. జేజమ్మ సుబేదారు అక్కడితో ఎగిరిపోయాడు. చిన్నత్తకు ఇప్పుడు తొంభై దాటాయి, ఆమెకు ఈ సంగతి నేనింకా చెప్పలేదు. ఇంకోటి, తాత చూసిన శత్రువు జర్మనీవాడు కూడా కాదు. మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, మనవాళ్లు ఎదుర్కొన్నది టర్కీ సుల్తాను సైన్యాన్ని. మన దేశం నుంచి సముద్రం దాటిన సైనికుల్లో ఎక్కువ మంది వెళ్లింది కూడా అక్కడికే.

ఇంటర్నెట్‌లో వెతకమని చాలామంది సలహా ఇచ్చారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. కానీ అందులో ఉండేది చనిపోయినవాళ్లే, మొదటి యుద్ధానికైతే 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు. మా తాత బతికొచ్చి, పిల్లల్ని కని, కంభం చెరువు కింద వరి పండించి, ముసలితనంతో పోయాడు. అటువంటివాడికి అక్కడ చోటు లేదు.

ఇక మిగిలింది సైన్యం దగ్గరి రికార్డు. పెన్షన్ లేకుండా బయటికొచ్చిన సిపాయి కాగితాలను నిబంధనల ప్రకారం 25 ఏళ్లు ఉంచి తర్వాత తీసేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టర్‌లోని పద్దును మాత్రం ఉంచుతారు. ఆ పద్దు వెతకాలంటే నంబరు కావాలి. అంచు మీది నంబరుతో సంబంధిత రికార్డు ఆఫీసుకు రాశాను. మొదటిసారి దొరకలేదన్నారు. తప్పు నాదే, దరఖాస్తులో ప్రకాశం జిల్లా అని రాశాను. ఆ జిల్లా పుట్టింది 1970లో. తాత భర్తీ అయిన రోజుల్లో కంభం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. అది దిద్ది, పేరు ‘సామి’ అనే రాసి మళ్లీ పంపితే నాలుగు నెలలకు జవాబొచ్చింది. ఒక్క పద్దు: తండ్రి పేరు, ఊరు, తాలూకా, 1916 జనవరిలో భర్తీ, 1920లో విడుదల. మా ముత్తాత పేరు ప్రభుత్వ కాగితం మీద నేను చూడటం అదే మొదలు.

దళంలో తాత ఏ కంపెనీ, అంటే ఏ చిన్న విభాగమో, ఆ నంబరు మాత్రం ఆ పద్దులో లేదు, పతకం మీదా లేదు. ఇక్కడ నాకు కొంచెం ఆశపోతుతనం పట్టుకుంది. “రాత్రంతా పడవలు మోసి, పొద్దున్నే ఏరు దాటించాం” అని తాత చెప్పేవాడు. 1917 ఫిబ్రవరి 23న కుట్ పట్టణానికి ఎగువన షుమ్రాన్ అనే మలుపు దగ్గర టైగ్రిస్ నదిని సైన్యం తెల్లవారుజామున పడవల మీద దాటింది, అదే రోజు పడవల వంతెన కూడా వేశారు. మార్చి 11న బాగ్దాద్ బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కింది. నది దాటిన 14వ డివిజన్‌తో మద్రాస్ సాపర్ల కంపెనీలు ఉన్నాయి. ఇంకేం, తాతను ఆ పడవలో కూర్చోబెట్టేద్దామని నాకు చెయ్యి లాగింది. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో దళాల యుద్ధ దినచర్యలు భద్రంగానే ఉన్నాయి. వాటిలో దొరలకు పేర్లుంటాయి, మనవాళ్లకు అంకెలుంటాయి. ఇంతమంది గాయపడ్డారు, ఇంతమంది జ్వరంతో ఆసుపత్రికి వెళ్లారు, అంతే. టైగ్రిస్ మీద, దాని పాయల మీద సాపర్లు వేసిన వంతెన అదొక్కటే కాదు కూడా. కాబట్టి తాతను ఒడ్డునే ఉంచేశాను.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. యుద్ధం అయ్యాక తెల్లదొరలు చాలా ఊళ్లలో రాతిపలకలు పెట్టించారు. మా ఊరి చావిడి గోడలోనూ ఒకటుంది. ఈ గ్రామం నుంచి మహాయుద్ధానికి 14 మంది వెళ్లారు, వారిలో 3 మంది ప్రాణాలర్పించారు అని ఇంగ్లీషులో చెక్కి ఉంది. ఒక్క పేరు లేదు. చావిడి పోలింగు బూత్ కావడంతో ఎన్నికలొచ్చినప్పుడల్లా గోడతో పాటు దానికీ సున్నం కొడతారు. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరిని కమిషన్ జాబితాలో తండ్రి పేరు, ఊరి పేరు బట్టి పట్టుకోగలిగాను. ఆ జాబితాలో ఇద్దరూ బస్రా యుద్ధ స్మారకం పేరు కింద ఉన్నారు. ఆ స్మారకం గోడ మీదా మన మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు, దళం పేరు కింద సంఖ్య వేశారు. 1997లో సద్దాం హుస్సేన్ ఆ కట్టడాన్ని బస్రా నుంచి 32 కిలోమీటర్ల అవతలికి తరలించాడు.

తాతతో, ఆ ఇద్దరితో, ఇంకో రెండిళ్లలో దొరికిన పతకాలతో కలిపి 14లో ఐదు పేర్లు తేలాయి. ఆ రెండిళ్లలో ఒకరిది వెండిది కాదు, అదే గుర్రపు రౌతు బొమ్మ ఉన్న కంచు పతకం. నకిలీదని వ్యాపారి చెప్పాడట. నకిలీ కాదు, కూలిదళాలకు ఆ పతకాన్ని కంచులోనే ఇచ్చారు. ఆ ముత్తాత లేబర్ కోర్‌లో బరువులు మోసినవాడు.

రెండో యుద్ధానికి వెళ్లినవాళ్ల ఇళ్లలో డిశ్చార్జి సర్టిఫికెట్ ఉంటే దాన్ని లామినేషన్ చేయించకండి, మడతల దగ్గర ఊడిపోతున్నా సరే. రెండు వైపులా ఫోటో తీసి దాచండి.

ఇంకా తొమ్మిది పేర్లు కావాలి. వాళ్ల వారసులు ఇప్పుడు ఊళ్లో లేరు. గిద్దలూరు, మార్కాపురం, హైదరాబాద్, బెంగళూరు చేరిపోయారు. కంభం తాలూకా పల్లెల మూలాలున్నవాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, దేవుడి గూడు, ట్రంకుపెట్టె, పిల్లల బొమ్మల డబ్బా ఒకసారి వెతకండి. ఏమన్నా దొరికితే ఫోటో తీసి ఈ పత్రిక కార్యాలయానికి పంపండి, నాకు అందజేస్తామన్నారు. ఫోటో అంచు కనిపించేలా తీయండి. రెక్కల బొమ్మ అందరి దగ్గరా ఒకటే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు,
కంభం